ఆళ్లగడ్డ పిడికెడు

సముద్రాన్ని ఎన్నడూ చూడని మనిషికి, సముద్రం ముంచిన ఊళ్లు తన ఊళ్లేనని ఎవరు చెప్పారు? జీవమ్మను తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే వస్తుంది. దేశం గురించీ, మనిషి దేశాన్ని తనదనుకోవడం గురించీ నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వాటిల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. జవాబు తెలియకపోయినా జరిగింది తెలుసు. అది చెబుతాను.

జీవమ్మ ఆళ్లగడ్డ చర్చిలో బైబిలు స్త్రీ. అంటే పాస్టరు కాదు, టీచరూ కాదు. ఇల్లిల్లూ తిరిగి జబ్బుపడ్డవాళ్లను పలకరించి, ప్రార్థన చేసి, బాలింతలకు చేతనైన సాయం చేసి, చదువురానివాళ్లకు నాలుగు వాక్యాలు చదివి వినిపించే మనిషి. తెల్లచీర, చేతిలో నల్ల అట్ట బైబిలు, చంకన గుడ్డసంచి. ఆ సంచి పిడికెడు బియ్యం కోసం. ఆ చర్చికి పోయేవాళ్ల ఇళ్లల్లో ఒక ఆచారముంది. ఆడమనిషి పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యమో జొన్నలో కొలుచుకుని, పాత్రలో పోయబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీస్తుంది. అది పక్కనున్న చిన్న కుండలో పడుతుంది. ఆదివారం ఆ గింజలు చర్చికి పోతాయి. పోలేని ముసలివాళ్ల ఇళ్లకు జీవమ్మే వెళ్లి తెచ్చేది. చర్చిలో అందరి గింజలూ ఒకే గంపలో పడతాయి. ఎవరిది సన్నబియ్యం, ఎవరిది కొర్ర, ఎవరిది జొన్న అని ఆ గంప దగ్గర ఎవరూ చూడరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఇదే జీవమ్మ మెడకు చుట్టుకుంది.

నేను ఉయ్యాలవాడ నుంచి ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చినదాన్ని. మా అత్త భారతమ్మ. మామ పోయిన తర్వాత సేద్యం, ఎద్దులు, జీతగాళ్లు, ధాన్యం కొట్టు, అన్నీ ఆమె నోటి మీదే నడిచేవి. ఆ ఇంట్లో నాకంటూ వదిలిన పని ఒక్కటే, పేపరు చదవడం. నంద్యాల బస్సులో పేపరు వచ్చేది. నేను అరుగు మీద కూర్చుని పైకి చదవాలి, ఆమె వక్క కొరుకుతూ వినాలి. నచ్చని వార్తను "అది ఇడ్సిపెట్టు" అని దాటించేది.

డెబ్బై ఏడు నవంబరులో ఏ వార్తనూ దాటించలేదు. దివిసీమ మీద ఉప్పెన పడింది. రాత్రికి రాత్రి సముద్రం లేచి వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. మా సీమలో వాన లేక పోయినవాళ్లను చూశాం గానీ, నీళ్లు ఇంట్లోకి వచ్చి చంపుతాయని మాకు తెలియదు. ఊళ్ల పేర్లు, పక్కనే మనుషుల లెక్కలు. రోజూ అవే చదివేదాన్ని. ఆ రోజుల్లో జీవమ్మ మా వీధిన పోతూ ఆగి వినేది. అరుగు ఎక్కేది కాదు. ఎక్కమని మేమూ అనేవాళ్లం కాదు.

"చిన్నమ్మా, ఆ ఊళ్ల పేర్లు మల్లొకసారి చదువు," అని అడిగింది ఒకరోజు. చదివాను. ఒక్కొక్క పేరూ పెదాలు కదుపుతూ అనుకుంది. తన కన్నవాళ్ల ఊళ్ల పేర్లు అనుకున్నట్టే అనుకుంది.

మర్నాడు పొద్దున, మా ఇంట్లో ఎసరు పెట్టే వేళకు, సంచి పట్టుకుని మా వాకిట్లో నిలబడింది. అప్పటిదాకా ఆ సంచి మా వీధిలో ఏ ఇంటి ముందూ తెరుచుకోలేదు.

"ఏందీ జీవమ్మా, మీ గుడికి మా గింజలు కావాల్సొచ్చినాయా?" అంది మా అత్త.

"గుడికి కాదు రెడ్డమ్మా. దివిసీమకు."

"గవర్నమెంటు లేదా? మిలిట్రీ లేదా? విమానాల్లోంచి మూటలు ఏస్తాండారంట, మా కోడలు చదివింది."

"ఏస్తాండారు. ఆ మూటల్లో మన గింజ ఉండొద్దా?"

"ఎందుకుండాల?"

"మనమూ ఈ దేశంలోనే ఉండామని ఎట్ల తెలుస్తాది మల్ల?"

మా అత్త వక్క కొరకడం ఆపింది. తర్వాత నవ్వింది. "దేశమంట. ఆళ్లగడ్డ దాటి నంద్యాల తప్ప ఏ ఊరూ చూసిందాన్ని గాదు నేను. నువ్వేమో పాములపాడు దాటిందానివి గాదు. మనిద్దరికీ దేశం యాడ దొరికిందే?"

జీవమ్మ నవ్వలేదు. "పిడికెడే రెడ్డమ్మా. మీ కుండ తగ్గేది లేదు. నేనే తీసుకపోయి, నా చేత్తో వండి, ఆకలిగా ఉన్నోళ్ల నోట్లో పెట్టొస్తా. మీ గింజ పక్కకు పోయిందని తెలిసిననాడు ఈ సంచి ఏ గడప కాడికీ తీసుకరాను. మా గుడి గడప కాడికి గూడ."

బైబిలు స్త్రీకి ఆ సంచి లేకపోతే ఇంకేముంది. అంత పెద్ద మాట అంటుందని మా అత్త అనుకోలేదు. లోపలికి పోయి పిడికెడు బియ్యం తెచ్చింది. చెయ్యి బాగా ఎత్తి, సంచికి తగలకుండా, పైనుంచి వదిలింది. "చూస్తాలే నీ మాట," అంది.

భారతమ్మ వేసిందని తెలిశాక వీధిలో వేయనివాళ్లు లేరు. కొందరు ఊరికే వేయలేదు. మతంలో కలుపుకుంటావా అని ఒకరు, వడ్డించేటప్పుడు మా పేరు చెబుతావా అని ఇంకొకరు ఎకసెక్కాలాడారు. "చెప్తా. పేరు రాసియ్యి, ముద్ద మీద గుచ్చుతా," అనేది జీవమ్మ. రోజూ వచ్చేది. ఊరి చివర జీవమ్మ వాళ్లుండే పల్లెలో కూలికి పోయేవాళ్ల ఇళ్లు, పెద్దవీధి, అంగళ్లు, పోలీసువాళ్ల క్వార్టర్లు. తిరిగిన ప్రతి చోటా గింజలు పడ్డాయి. చర్చి వెనకగదిలో బస్తాలు లేచాయి.

మోషే అని ఆ పల్లెవాడే, బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తోలే లారీ డ్రైవరు. నంద్యాలలో వ్యాపారస్థులు ఒక సహాయ కమిటీ పెట్టి, గోడౌనులో బియ్యం పోగుచేసి పంపుతున్నారని వాడే కబురు తెచ్చాడు. బస్తాలతోపాటు తననూ ఆ లారీల్లో పంపమని అడగాలని జీవమ్మ మోషే లారీ ఎక్కింది. అక్కడ జరిగింది తర్వాత మోషే నోట విన్నాను.

కమిటీలో పెద్ద శేషయ్య అనే బియ్యం వ్యాపారి. బస్తా విప్పించి చెయ్యి పెట్టాడు. పిడికిలి తెరిచి చూసుకున్నాడు.

"ఏందమ్మా ఇది?"

"గింజలన్నా."

"ఏం గింజలు?"

"మా ఊరి గింజలు."

"నేనడిగేది అది గాదు తల్లీ. కొత్త బియ్యం, పాత బియ్యం, కొర్రలు, జొన్నలు, నడుమ సజ్జలు గూడ ఉండాయి. దీన్ని ఎట్ల వండాల? జొన్న ఉడికేలోపల బియ్యం గంజి అయితాది. బియ్యం చూసుకొని దింపితే జొన్న పంటి కింద రాయి. ఆ పక్కోళ్లు అసలే జొన్న అలవాటు లేనోళ్లు."

జీవమ్మకు అప్పుడు తెలిసింది. "మా గుడి గంపలో అట్లనే పడతాయన్నా. ఏరుపెట్టాలని నాకు తట్టలా."

శేషయ్య చెడ్డవాడు కాదు. తన కొట్టులోంచి ఎన్నో బస్తాలు దివికి తోలిన మనిషి. "నీ మనసు మంచిదేనమ్మా. ఊరికే పోనీకు. కోళ్లకు బాగా పనికొస్తాయి," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేదని మోషే అన్నాడు. 

లారీ నేరుగా మా ఇంటి ముందే ఆగింది. ఊరందరికీ చెప్పుకోవాలి. ముందు పెద్ద తిట్లు తినేస్తే తర్వాతవి తేలిగ్గా ఉంటాయని మా ఇంటికి వచ్చిందట. జీవమ్మే చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పింది.

సంచి మడిచి చేత్తో పట్టుకుని, జరిగిందంతా దాచకుండా చెప్పింది. "మాట తప్పినా రెడ్డమ్మా. ఇంటింటికీ చెప్పి, సంచి పాస్టరయ్యకు ఇచ్చేస్తా."

"కోళ్లకా?" అంది మా అత్త. "నా బియ్యం కోళ్లకా?"

అరుగు దిగింది. లారీ దగ్గరికి పోయి, మోషే చేత బస్తా విప్పించి, గుప్పెడు తీసి, ఒక జొన్నగింజ పంటి కింద పెట్టుకుని పటుక్కున కొరికింది.

"జీవమ్మా, పొద్దున ఏం తిన్న్యావు?"

"సంకటి."

"దేంతో చేసినావు?"

"నూకతో..." అని ఆగిపోయింది జీవమ్మ.

"మల్ల? నూకకు కొత్తా పాతా ఉంటాదా? ఇసిరితే అన్నీ ఒకటే గదా. ప్రార్థన చేసేదానికి నోరుండాది గానీ పొయ్యి కాడ తెలివి లేదు నీకు. నంద్యాల షావుకారికి అసలే లేదు. ఏయించి ఇసిరితే తడి కట్టె మీద గూడ బేగా ఉడుకుతాది. సంకటి తిని పెరిగినోళ్లు ఇద్దరు ముగ్గురు కూడి ఇంత మాత్రం తెలీక కోళ్ల కాడికి పోయినారు."

నేను ఊరుకోకుండా, "మిషన్లో వేయిస్తే ఒక్క పూటలో అయిపోతుంది కదత్తా," అన్నాను.

"మిషన్లో పిండి అయితాది. మనకు నూక కావాల. పేపర్లో రాయలేదా ఇది?"

ఇక మిగిలింది ఒక్కటే చిక్కు. పల్లెలో విసురురాళ్లు కొద్ది. పెద్దవీధిలో ఇంటికొకటి ఉంది. కానీ ఆ బస్తాల్లో పల్లె గింజ, వీధి గింజ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఏ ఇంటి రాతిలో పోస్తారు? ఎవరూ పైకి అనలేదు. అందరూ అదే అనుకుంటున్నారని అందరికీ తెలుసు. మా అత్త మా నడవలోకి చూసింది. అక్కడ మా విసురురాయి, ఆమె అత్తగారి నాటిది, పరాయి చెయ్యి తగలనిది.

"ఆ రాయి అరుగు మీదికి ఎత్తండి," అంది జీతగాళ్లతో.

ఇనప మూకుళ్లలో వేయించడం వాకిట్లో మొదలైంది. వేగిన జొన్న వాసన వీధి చివరిదాకా పోయింది. విసురురాయికి ఇద్దరు కావాలి, ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పాలి. మా అత్తకు ఎదురుగా నేను కూర్చున్నాను. కాసేపటికే నా అరచేతులు బొబ్బలెక్కాయి.

"లెయ్ అమ్మీ. పేపరు చేతులు నీవి," అంది. తలెత్తి వీధిలోకి చూసి, "జీవమ్మా, ఆడ నిలబడి ఏం చూస్తాండావు? ఎక్కి రా," అంది.

జీవమ్మ మా అరుగు ఎక్కింది. అట్లా ఎక్కింది, ఏ పండక్కూ పెండ్లికీ కాదు. చెప్పులు కింద విడిచి, కొంగు నడుముకు చుట్టి, మా అత్త ఎదురుగా కూర్చుని అదే పిడి మీద చెయ్యి వేసింది. రాయి గిర్రున తిరిగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, పోటీ పడ్డట్టు తిప్పారు.

అది చూసి ఎదురింటి సరోజమ్మ వాళ్లు తమ రాయిని బయటికి ఎత్తించారు. తర్వాత కమలాక్షమ్మ వాళ్లు. మధ్యాహ్నానికి పెద్దవీధి రెండు పక్కలా అరుగుల మీద రాళ్లు తిరుగుతున్నాయి. పల్లె ఆడవాళ్లు, వీధి ఆడవాళ్లు ఎదురెదురు. పిడి జారిందని తిట్టుకోవడం, నీదే బద్ధకమని ఎగతాళి, పాటలు, నవ్వులు. ఆ ధ్వని నాకిప్పటికీ చెవుల్లో ఉంది. పొలాల నుంచి వచ్చే మగవాళ్లు వీధి మొదట్లోనే నిలబడిపోయి, తమ ఇళ్లు ఏవో గుర్తుపట్టలేనట్టు చూశారు.

బడిపంతులు దేవరాజు ఒక గుడ్డ మీద ఎర్ర రంగుతో 'ఆళ్లగడ్డ పిడికెడు' అని రాసి మోషే లారీకి కట్టాడు.

"ఇంత లారీకి పిడికెడని రాసినావేందయ్యా?" అంది మా అత్త.

"దీంట్లో ఉండేవన్నీ పిడికెళ్లే గదమ్మా," అన్నాడు దేవరాజు. ఆమెకు ఆ మాట నచ్చింది. ఇంకో పక్క కూడా కట్టమంది.

బయలుదేరే పొద్దున మా అత్త చేసిన పని ఎవరమూ ఊహించలేదు. తెల్లని పంచెలో సంకటి తెడ్డు చుట్టుకుని, లారీ క్యాబిను మెట్టు మీద కాలు పెట్టింది.

"యాడికత్తా?" అన్నాను.

"నా రాయి అరిగింది. తినేదెవరో చూడాల్నా వద్దా? నువ్వూ ఎక్కు. ఊరి పేర్లు చదివేదానికి ఒకరుండాల."

బేతంచెర్ల రాళ్లు విజయవాడలో దింపాల్సినవి కింద ఉన్నాయి. వాటి మీద మా బస్తాలు, వాటి మీద పొయ్యికని పత్తికట్టె మోపులు. నంద్యాలలో శేషయ్య గోడౌను ముందు మోషే కావాలనే లారీ ఆపాడు. శేషయ్య వచ్చి బస్తాలో చెయ్యి పెట్టాడు. తీసి వాసన చూశాడు. కాస్త నోట్లో వేసుకున్నాడు. జీవమ్మ క్యాబినులోంచి దిగకుండా అతని ముఖమే చూస్తోంది.

"అయితే నంద్యాల కోళ్లకు ఈసారి ఏమీ లేనట్టే," అన్నాడు.

"ఉపాసం ఉండమని చెప్పు," అంది మా అత్త.

అతను నవ్వి, లోపలి నుంచి రెండు పెద్ద డేగిసాలు, సంకటిలో నంజుకునే వేరుశనగ పొడి డబ్బాలు, నీళ్ల డ్రమ్ములు ఎక్కించాడు. అంగళ్లవాళ్లు, రిక్షావాళ్లు గుడ్డ మీది అక్షరాలు చదివి చప్పట్లు కొట్టారు. ఒక టీ అంగడివాడు పరుగున వచ్చి చక్కెర పొట్లం క్యాబినులోకి విసిరాడు. లారీ కదిలినప్పుడు జీవమ్మ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. బైబిలు స్త్రీ కాకముందు కూలిపని చేసి వంగిన వీపు అది. అది అంత నిటారుగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

విజయవాడలో రాళ్లు దించాక మోషే వెనక్కి తిరగాలి. "ఓనరుకు నేను చెప్పుకుంటాలే," అని అవనిగడ్డ దారి పట్టాడు.

అక్కడ చూసింది అంతా రాయను. చెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయి. బావుల్లో నీళ్లు నోట పెట్టలేం. మేం ఆగిన ఊరిలో ఇళ్లు అనేవి లేవు, ఇళ్లు ఉండేవని తెలిసే అరుగులు మాత్రం ఉన్నాయి. మా అత్త ఒక అరుగు ముందు చాలాసేపు నిలబడింది. బియ్యం మూటలు వచ్చి ఉన్నాయి. కానీ వండుకోవడానికి గిన్నె లేదు, ఎండు కట్టె లేదు, మంచినీళ్లు చాలవు. ఆ మూటల పక్కనే మనుషులు పస్తు కూర్చుని ఉన్నారు.

పత్తికట్టె భగ్గున అంటుకుంది. ఎసరు మరిగింది. నూక పోసింది జీవమ్మ. అంత పెద్ద డేగిసాలో సంకటి కలపడం ఒక్కరి చేతుల్లో అయ్యే పని కాదు. మా అత్త ఎదురుగా వచ్చి అదే తెడ్డు పట్టుకుంది. మా ఊరి అరుగు మీద రాయి తిప్పినట్టే ఇద్దరూ తిప్పారు. తడిచేత్తో ముద్దలు చేశారు. పళ్లెం అక్కర్లేదు, విస్తరి అక్కర్లేదు, చేతిలో పట్టుకుని తినొచ్చు. మా బీదతిండి గొప్పతనం నాకు అక్కడ అర్థమైంది.

కానీ ఎవరూ ముందుకు రాలేదు. బూడిదరంగు ముద్దలను అనుమానంగా చూశారు. శేషయ్య మాటే నిజమవుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. జీవమ్మ చేతిలో ముద్ద పట్టుకుని నిలబడింది. 

మహాలక్ష్మి అనే బెస్తామె, నడివయసు మనిషి, లేచి దగ్గరికి వచ్చింది. ఆమె ఇంట్లో ఎవరు మిగిలారని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఏంటమ్మా ఇది?"

"సంకటి తల్లీ."

"ఇందులో ఏం కలిపారు?"

 డేగిసా అవతల నుంచి మా అత్త అంది, "ఊరంతా కలిపినాం. తిను."

మహాలక్ష్మి ఆమె వంక చూసింది. ముద్ద అందుకుని, పొడిలో అద్దుకుని, నిలబడే తినింది. పూర్తిగా తినింది. వేళ్లు నాకి, వెనక్కి తిరిగి, "రండర్రా, వేడిగా ఉంది," అని కేకేసింది.

వచ్చారు. పిల్లలు ముందు, తర్వాత ముసలివాళ్లు, తర్వాత అందరూ. మా అత్త చెయ్యి ఎత్తి పైనుంచి వేయలేదు. ఒక్కొక్కరి అరచేతిలో తన అరచెయ్యి ఆనించి ముద్ద పెట్టింది. రెండో డేగిసా ఎక్కించేసరికి మహాలక్ష్మి వచ్చి, "ఎంతసేపని కలుపుతారు, ఇటివ్వండి," అని తెడ్డు లాక్కుంది. మర్నాటికి ఆ ఊరి ఆడవాళ్లే కలిపారు. మా నూక అయిపోయిన రోజున జీవమ్మ ఖాళీ బస్తాలు ఒక్కొక్కటీ దులిపి, రాలిన నూక కూడా ఎత్తి ఎసట్లో పోసింది. ఒక్క గింజ పక్కకు పోలేదు.

సముద్రం అక్కడికి దగ్గరే. "చూసొస్తామా అక్కా?" అని మోషే అడిగాడు.

"వద్దప్పా. దాని ముఖం చూడబుద్ధి కాదు," అంది జీవమ్మ. చూడలేదు. తర్వాత కూడా ఎన్నడూ చూడలేదు.

లారీ కదలబోతుంటే మహాలక్ష్మి పరుగున వచ్చింది. జీవమ్మ సంచి సంగతి పొయ్యి దగ్గర మాటల్లో విని ఉంది. ఆ పొద్దునే వాళ్లకు గిన్నెలూ బియ్యమూ పంచారు. పిడికిలి మూసి క్యాబిను కిటికీలోకి చాపింది.

"సంచి పట్టండమ్మా."

"నీకే చాలదు తల్లీ, వద్దు."

"పిడికెడే కదమ్మా. ఏ ఊరికి అవసరమైతే ఆ ఊరికి."

జీవమ్మ సంచి తెరిచింది. ఆమె వెనకే ఇంకొకామె, ఇంకొకామె. ఏమీ మిగలని ఊరు మా సంచిలో బియ్యం పోసింది. మోషే స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు. మా అత్త ఆ సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

ఊరు మాకు ఎదురొచ్చింది. బస్టాండు నుంచి పెద్దవీధి దాకా జనం. డప్పులు. ఏమైందని ఎవరూ అడగలేదు, అందరూ జీవమ్మ ముఖం చూస్తే చాలనుకున్నట్టున్నారు. ఆమె ఆ సంచి తీసుకుని గడప గడపకూ పోయింది. ఈసారి అడగడానికి కాదు. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న కుండ పెట్టించి, దివి బియ్యం నాలుగేసి గింజలు అందులో వేసింది.

"ఇవి తీయొద్దండి. అడుగున ఉండనీ. పైన మీ పిడికెడు వేస్తా పోండి," అని చెప్పింది. పురుగు పట్టకుండా రెండు వేపాకులు కూడా తనే వేసింది.

మా ఇంట్లో ఆ కుండ నడవలో, విసురురాయి పక్కన ఉండేది. వారానికోసారి జీవమ్మ వచ్చి, ఎవరినీ పిలవకుండా లోపలికి నడిచి, పైగింజలు సంచిలో పోసుకుని, అడుగున ఒక పలచని పొర వదిలి పోయేది. గుజరాత్‌లో డ్యాం తెగి మోర్వీ మునిగినప్పుడు ఆ కుండల గింజ బస్తాల్లో నంద్యాల స్టేషను దాకా పోయింది. భోపాల్ వార్త నేను చదివిన రోజు, మా అత్త నేను ముగించకముందే కుండ తెచ్చి అరుగు మీద పెట్టింది. దూరం ఊళ్లకు ఆపద రాని ఏడాదిలో నంద్యాల ఆసుపత్రిలో దిక్కులేని రోగులకు సంకటి పోయేది. ఏడేళ్లు, ఎనిమిదేళ్లు గడిచినా ఎసరు వేళకు పిడికెడు తీయడం ఆ వీధిలో ఎవరూ మరవలేదు.

ఎనభై ఆరులో, వయసు మీరి, జీవమ్మకు చర్చి పని అయిపోయింది. పాములపాడులో టీచరుగా ఉన్న కూతురు శాంతమ్మ దగ్గరికి పోతుందని తెలిసింది. ఆగస్టు పదిహేనున పంచాయతీ ఆఫీసు దగ్గర జెండా ఆమె చేతే ఎగరేయించాలని ఊరు నిర్ణయించుకుంది. ఎవరు ముందు అన్నారో నాకు తెలియదు. మా అత్త మాత్రం, "ఆమెతో గాకపోతే నేను కుర్చీలో కూర్చోను," అని కబురు పంపింది.

ఆ పొద్దున వాన వెలిసి ఎండ కాసింది. నంద్యాల నుంచి శేషయ్య వచ్చాడు. మోషే లారీ కడిగి, పాత గుడ్డ మళ్లీ కట్టుకుని తెచ్చాడు. రంగు వెలిసినా అక్షరాలు కనబడుతున్నాయి. జీవమ్మ తెల్లచీరలో, చంకన సంచితోనే వచ్చింది. సంచి ఎవరికైనా ఇమ్మంటే ఇవ్వలేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని ఒక్కసారి గుంజింది. ముడి విడిపోయి, జెండా విప్పుకుని, పూలు ఆమె తలమీదా భుజాలమీదా రాలాయి. ఊరు ఊరంతా లేచి నిలబడింది. డెబ్బై దాటిన మా అత్త కర్ర ఊతం వదిలేసి నిలబడింది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. జీవమ్మ తల పైకెత్తి ఆ గుడ్డ గాలికి ఎట్లా కొట్టుకుంటోందో చూస్తూ ఉంది. ఆ కళ్లల్లో సంబరం నేను ఇంకెవరి కళ్లల్లోనూ చూడలేదు.

తర్వాత ఉపన్యాసాలు. సర్పంచి అయ్యాక దేవరాజు, దేవరాజు అయ్యాక శేషయ్య. శేషయ్య కోళ్ల సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు. దండలు, శాలువా బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. జీవమ్మ పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద రెండు పూలరేకులు ఉన్నాయి.

"ఎసరు పెట్టే పొద్దయింది గదా. యాడికి పోతాదిలే, వీధి తిరగను పోయుంటాది," అంది మా అత్త గట్టిగా. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆమె వస్తుందని చాలాసేపు కూర్చున్నారు. మధ్యలో బస్టాండు వైపు నుంచి బస్సు హారను వినబడింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు ఆమె నిజంగానే వీధి తిరిగింది. మేమంతా జెండా దగ్గర ఉంటే, తెరిచి ఉన్న గడపలన్నీ ఎక్కి దిగి, గింజలు చర్చి గంపలో పోసి, ఖాళీ సంచి మాత్రం మడిచి తీసుకుని, కూతురి ఊరికి ఆ బస్సే ఎక్కి పోయిందని తర్వాత తెలిసింది. ఇంటికి వచ్చాక నేను నడవలో కుండ మూత తీశాను. పైగింజలు లేవు. అడుగున పలచని పొర, ఎప్పటిలాగే.

మా అత్త వంగి కుండలోకి చూసింది.

"చెప్పకుండా పాయనే," అంది.